డ్రైవర్ సైడ్, క్లీనర్ సైడ్

పోయిన వారం భాగం చివర శేషమ్మని పాత పికప్ ట్రక్కు కింద పడుకోబెట్టి వదిలేశాం. వీపు కింద అట్టపెట్టె, నోట్లో టార్చ్‌లైటు, రెండు చేతుల్లో కొత్త హెడర్. దాన్ని ఇంజన్ పక్కన ఆనించి పైకి నెట్టేసరికి స్టీరింగ్ రాడ్డుకి తగిలి టంగుమంది. బయట నిలబడి చూస్తున్న అల్లుడు అమర్‌నాథ్ "నేను ముందే చెప్పానా?" అన్నాడు. అది గురువారం సాయంత్రం మాట.

మధ్యలో చేరినవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్ళి చెబుతాను. శేషమ్మది విజయవాడ ఆటోనగర్. అరవై నాలుగేళ్ళు. మొగుడికి చూపు మసకబారినప్పటి నుంచి సైలెన్సర్ల షాపు తనే నడిపింది. ముప్ఫయ్యేళ్ళు లారీల కింద దూరి వెల్డింగ్ చేసింది. ఆర్నెల్లు ఉండి పోదామని న్యూజెర్సీకి, ప్లెయిన్స్‌బరోలో ఉన్న కూతురు ప్రణీత ఇంటికి వచ్చింది. ఈ ప్రణీత ఉందే, మందుల కంపెనీలో మంచి ఉద్యోగం రెండేళ్ళ కిందట వదిలేసి, డాక్టర్ భాస్కరరావు గారి పొలం కౌలుకి తీసుకుని గోంగూర, దొండ, బచ్చలి పండిస్తోంది. పండినదాన్ని ఎడిసన్‌లో ఉన్న ఇండియన్ షాపులకి చేరవేసేది ఈ ట్రక్కే. ముప్ఫయ్యేళ్ళు పైబడ్డ బండి. దాని మ్యానిఫోల్డ్, అంటే ఇంజన్‌లోంచి పొగని బయటికి తెచ్చే పోత ఇనుము గొట్టం, మొన్న చలికాలంలో పగిలింది. అప్పటి నుంచి బండి స్టార్ట్ చేస్తే చాలు, చుట్టుపక్కల టౌన్‌హౌస్‌ల వాళ్ళు కంప్లైంట్లు పెడుతున్నారు. షాపుల వాళ్ళయితే ఆ చప్పుడుతో మా వీధిలోకి రావద్దని మొహం మీదే చెప్పేశారు. ఆ పగిలినదాని బదులు శేషమ్మ ఏరికోరి కొనిపించిన గొట్టాల గుత్తే ఈ హెడర్.

అమర్‌నాథ్ గడువు పెట్టాడు. ఆదివారం సాయంత్రంలోగా బండి చప్పుడు లేకుండా నడిస్తే ప్రణీత ఇష్టం. నడవకపోతే బండి తుక్కుకి, ప్రణీత ఉద్యోగానికి. కొత్త కంపెనీ వాళ్ళు ఇచ్చిన ఆఫర్‌కి సోమవారం పొద్దున జవాబు చెప్పాలి. ప్రణీత సరేనంది. శేషమ్మ సరే అనలేదు, కాదూ అనలేదు. స్పానర్ తీసింది.

ఇక ఈ వారం సంగతి.

దానికి రెండ్రోజులకి, శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి డాక్టరు గారి పొలంలో, పాత గడ్డి కొట్టం ముందు, అమర్‌నాథ్ కారు దిగాడు. చేతిలో ఖాళీ అట్టపెట్టె, దాని మీద అంటించడానికి ప్రింట్ తీసిన రిటర్న్ లేబుల్. వారమంతా తెల్లారగట్లే రైలెక్కి న్యూయార్క్ పోయి వచ్చే మనిషి. శనివారం ఒక్కరోజైనా నిద్రపోదామంటే ఇదీ సంబడం. మొహం అలాగే ఉంది.

"అత్తయ్యా, నిన్న సెల్లర్‌తో మాట్లాడాను. వాళ్ళు రిటర్న్ తీసుకుంటామన్నారు. ప్యాక్ చేసేద్దాం."

శేషమ్మ చీర మీద తొడుక్కున్న డాక్టరు గారి పాత చొక్కా చేతులు పైకి మడుచుకుంటోంది. "ప్యాక్ చేసి?"

"చేసి ఏముంది? పంపించేస్తాం. అయిపోతుంది."

"అయిపోవడానికేనా బాబూ నేను మొన్నంతా పాత బోల్టులు పీకింది? రెండు విరిగితే డ్రిల్లు పెట్టి తీశాను. భుజం చూడు, ఎత్తలేకపోతున్నాను."

"అసలు పాత టైపుదే ఇంకోటి తెచ్చి వేసేస్తే పోయేది కదా అత్తయ్యా. ఈ మెరిసే హెడర్లు ఎందుకు? ఇది రేస్ కారా?"

ఇలాంటి మాట అంటే శేషమ్మకి ఒళ్ళు మండుతుంది. ఆవిడ హెడర్ ఎంచుకోవడానికి వారం రోజులు పట్టింది. కూతురి కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో ఫొటో పెద్దది చేయించుకుని చూసింది. ఇంట్లో చీర కొనడానికి కూడా ఎప్పుడూ అంతసేపు కూర్చోలేదు.

"మెరుస్తోందని కొన్నాననుకున్నావా? పోత ఇనుముది మళ్ళీ వేస్తే మళ్ళీ పగులుతుంది. వేడి మీద ఉన్నప్పుడు వాన నీళ్ళు చిమ్మితే చాలు దానికి. హెడర్ అయితే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గొట్టం, సాగుతుంది, ముడుచుకుంటుంది, పగలదు. మీ ఊళ్ళో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అందుకని స్టెయిన్‌లెస్ చూశాను. లావు గొట్టాలవి చూపిస్తే వద్దన్నాను. లావైతే రేసులో బాగుంటుంది, బరువేసుకుని మెల్లగా పోయేటప్పుడు లాగదు. పొడుగువి వద్దన్నాను. పొడుగువి వేస్తే కింద ఉన్న పైపంతా కోయాలి. పొట్టివి తీసుకున్నాను, ఉన్న పైపుకే వచ్చి కూర్చుంటాయి. ఇంజన్‌కి ఆనే ఆ పలక ఎంత మందం ఉందో అడిగి కనుక్కున్నాను. పలచటిదైతే వేడికి వంకరపోతుంది. ఇంకేం చూడాలో చెప్పు, అదీ చూస్తాను."

"అన్నీ చూశారు. ఫిట్ అవుతుందా లేదా అన్నది చూడలేదు."

కొట్టం గుమ్మంలో కుర్చీ వేసుకున్న డాక్టర్ భాస్కరరావు గారు కాఫీ కప్పు పక్కన పెట్టారు. ఆయన పంతొమ్మిది వందల డెబ్భై నాలుగులో ఈ దేశం వచ్చి, ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఈ ట్రక్కూ ఒకప్పుడు ఆయనదే. ప్రణీత పొలం తీసుకున్నప్పుడు, ఉంచుకో అమ్మా అని ఇచ్చేశారు. ఇవాళ ఎందుకో పొద్దుటి నుంచి ఆయన పెద్దగా మాట్లాడటం లేదు.

"అమర్, నెమ్మదిగా," అన్నారు.

"లేదంకుల్, నేను మెయిల్ చదివి వినిపిస్తాను. మీరే చెప్పండి." అమర్‌నాథ్ ఫోన్ తీశాడు. "మేం గ్యాప్ అడిగాం, కస్టమరే ఇచ్చారు అంటున్నారు. 'డ్రైవర్ సైడ్, ఇంజన్‌కీ స్టీరింగ్ రాడ్డుకీ మధ్య నాలుగంగుళాలు.' నాలుగని మనం చెప్తే వాళ్ళు నాలుగుకి సరిపోయేది పంపారు. దగ్గరగా ఉంటే వేరే మోడల్ పంపేవాళ్ళట. తప్పు వాళ్ళది కాదు."

"నాలుగే!" అంది శేషమ్మ. "నేను కొలిచాను. నా చేత్తో కొలిచాను. ప్రణీ, నా పుస్తకం ఇట్లా తే."

ప్రణీత ట్రక్కు అవతలి పక్క నిలబడి ఉంది. తల్లి పిలిచాక గానీ కదల్లేదు. పుస్తకం తెచ్చి ఇచ్చి, "అమ్మా, పోనీ వదిలేద్దాంలే," అంది మెల్లగా.

"ఏంటే వదిలేది?"

శేషమ్మ పుస్తకం తెరిచి అల్లుడి మొహం ముందు పెట్టింది. గుండ్రటి తెలుగు అక్షరాలు. డ్రైవర్ సైడ్ నాలుగు. క్లీనర్ సైడ్ ఒకటీ ముప్పావు. "చూసుకో. కొలత తప్పు రాసే అలవాటు నాకు లేదు. ఉంటే ఆటోనగర్‌లో వారం రోజులు కూడా ఉండనిచ్చేవాళ్ళు కాదు."

"క్లీనర్ సైడ్ అంటే ఏంటి?" అన్నాడు అమర్‌నాథ్. పాపం, వాడు పుట్టి పెరిగింది హైదరాబాద్ కాలనీల్లో. లారీ ఎక్కినవాడు కాదు.

"లారీలో డ్రైవర్ ఇటు కూర్చుంటాడు, క్లీనర్ అటు కూర్చుంటాడు. ఆ మాత్రం తెలీదా? ఉండు, ఇప్పుడే మళ్ళీ కొలుస్తాను. నాలుగు రాకపోతే నా పేరు శేషమ్మ కాదు."

స్టీలు స్కేలు పట్టుకుని బండి కిందకి జారింది. జారుతూ జారుతూ అమెరికా వాళ్ళ కంపెనీల్ని, వాళ్ళ మెయిళ్ళని, వాటిని నమ్మే అల్లుళ్ళని నాలుగు తిట్టింది. స్కేలు స్టీరింగ్ రాడ్డుకి ఆనించింది. ఒకటీ ముప్పావు. స్కేలు తుడిచి మళ్ళీ పెట్టింది. ఒకటీ ముప్పావే. అవతలి పక్కకి పాకి, ఏ రాడ్డూ లేని చోట ఫ్రేము దాకా కొలిచింది. నాలుగు.

శేషమ్మ స్కేలు కింద పెట్టేసింది.

ఆవిడకి డ్రైవర్ అంటే కుడి పక్క. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అంతే. బండి కిందకి దూరితే కుడి చేతి వైపు కనిపించింది డ్రైవర్ సైడ్, ఎడమది క్లీనర్ సైడ్. ముప్ఫయ్యేళ్ళలో ఇది ఆలోచించుకోవాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. కొలిచేటప్పుడు రాడ్డు ఎటుందో కళ్ళు చూశాయి, రాసేటప్పుడు చెయ్యి దాని అలవాటు ప్రకారం అది రాసుకుపోయింది. కూతురు కంప్యూటర్ దగ్గర "అమ్మా, డ్రైవర్ సైడ్ గ్యాప్ ఎంత?" అని అడిగింది. తను వంటింట్లోంచి పుస్తకం చూసి "నాలుగు" అని కేకేసింది. అంతే జరిగింది.

బయటికి వచ్చింది. ముగ్గురూ చూస్తున్నారు. లేచి నిలబడి, ట్రక్కు ఎడమ పక్కన ఉన్న స్టీరింగ్ చక్రం వంక చూసింది. అది అక్కడ ఉందన్న సంగతి ఇప్పుడే తెలిసినట్టు చూసింది.

"మీ దేశంలో డ్రైవర్ క్లీనర్ సీట్లో కూర్చుంటాడు," అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా డాక్టరు గారికి అర్థమైంది. నవ్వొచ్చేసింది ఆయనకి. "మీరు ఒక్కరే కాదులెండి శేషమ్మ గారూ. నేను వచ్చిన కొత్తలో కారు కొని, తాళం చేత్తో పట్టుకుని కుడి పక్క ఎక్కి కూర్చున్నాను. చక్రం ఏదని వెతుక్కున్నాను. మా ఆవిడ చూసి పగలబడి నవ్వింది."

అమర్‌నాథ్ నవ్వలేదు. "అంటే రాంగ్ మెజర్‌మెంట్ ఇచ్చింది మనమే. మీరే."

ఇక్కడ ఇంకో మనిషైతే ఏదో ఒకటి అనేది. పుస్తకం మీదకో, కూతురి మీదకో, స్కేలు మీదకో నెట్టేది. శేషమ్మకి కూడా నాలుక చివరి దాకా వచ్చింది. అల్లుడి ముందు తల దించడమంటే మాటలా? మింగేసింది.

"నేనే. తప్పు నాది. బండిది కాదు, నా కూతురిది అసలే కాదు. చేసింది నేను గనక సరిచేసేది కూడా నేనే."

"ఎలా సరిచేస్తారు? రాడ్డుని జరుపుతారా?"

"రాడ్డెందుకు జరపడం? గొట్టాన్నే కాస్త తప్పుకోమంటాను. డాక్టరు గారూ, మీ కొట్టంలో ఆ గ్యాసు టార్చి ఉందన్నారు కదా, మంట వస్తుందా?"

"పాత రైతు వదిలేసి వెళ్ళింది. గ్యాసు ఉంది. వస్తుంది." ఆయన అంతకంటే ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్ళారు.

"ప్రణీ, నీ దగ్గర పెదాల రంగుందా?"

"లిప్‌స్టిక్కా? ఎందుకమ్మా?"

"ఇవ్వవే ముందు."

ప్రణీత కారులోంచి తెచ్చి ఇచ్చింది. శేషమ్మ మూత తీసి ఆ ఎర్రరంగుని స్టీరింగ్ రాడ్డుకి మందంగా పూసింది. అమర్‌నాథ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తర్వాత హెడర్‌ని పైకి నెట్టి, తగిలేదాకా ఆనించి, కిందకి దింపింది. మూడో గొట్టం మెడ దగ్గర, బొటనవేలంత మేర ఎర్ర మచ్చ పడింది.

"ఇంతే తగిలేది. షాపులో అయితే గ్రీజులో కుంకుమ కలిపి పూసేదాన్ని. ఇదీ పర్లేదు, బానే అంటింది."

హెడర్‌ని బల్ల మీద పెట్టి బిగించింది. డాక్టరు గారు టార్చి వెలిగించి ఇచ్చారు. పక్కన బరువైన సుత్తి, ఒక గుండ్రటి ఇనుప కడ్డీ ముక్క. అప్పుడర్థమైంది అమర్‌నాథ్‌కి.

"అత్తయ్యా! కొత్త పార్ట్‌ని సుత్తితో కొడతారా?"

"కాల్చి కొడతాను. చల్లగా కొడితే చీలుతుంది."

"కొడితే వాళ్ళు రిటర్న్ తీసుకోరు. ఒక్క దెబ్బ పడిందంటే ఇంక అది మనదే. ఆలోచించండి. పొగకి దారి తగ్గిపోదా? నొక్కేస్తే ఇంజన్‌కి ప్రాబ్లం కాదా?"

"గొట్టం అక్కడ కాస్త నొక్కుకుంటే పొగేమీ ఆగదు. పొలం బండి ఇది. బరువేసుకుని ఎడిసన్ పోయి వస్తుంది, అంతకంటే దీనికి పనేముంది?"

"మీకు అర్థం కావట్లేదు." అమర్‌నాథ్ గొంతు పెరిగింది. "ఇంట్లో ఒకళ్ళ జీతం మీద అన్నీ నడుస్తున్నాయి. నా ఉద్యోగం రేపు పోతే మాకు ఇన్సూరెన్స్ కూడా ఉండదు. ప్రణీకి వచ్చిన ఆఫర్ మళ్ళీ రాదు. నేను విలన్‌ని కాదు అత్తయ్యా. దాని ఫ్యూచర్ కోసమే చెప్తున్నా."

శేషమ్మ టార్చి తగ్గించింది. అతని మాటలో అబద్ధం లేదు. అలసిపోయిన మనిషి మాట్లాడుతున్నాడని ఆవిడకి తెలుస్తూనే ఉంది. అయినా తగ్గాలనిపించలేదు.

"నువ్వు విలన్‌వని నేనన్నానా బాబూ? దీని సంపాదన చాలట్లేదంటే ఒప్పుకుంటాను. పంట నిలబడక ఆపేస్తానంటే అదీ ఒప్పుకుంటాను. ఒక గొట్టం పగిలిందని మాత్రం నా కూతురు చేతులెత్తేయడానికి వీల్లేదు. అది నాకు నామర్దా. ముప్ఫయ్యేళ్ళు ఆ గొట్టాలే అతికి దీన్ని చదివించాను."

"అమ్మా," అంది ప్రణీత. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి. "వద్దమ్మా. కొట్టకు. ప్లీజ్. పంపించేద్దాం."

మొగుడికి భయపడుతోంది అనుకుంది శేషమ్మ. ఇంత చదువు చదివి, ఈ దేశంలో ఇన్నేళ్ళుండి, ఇంకా భయమేమిటి దీనికి! కూతురి మీద జాలితో పాటు కోపం కూడా వచ్చింది. అల్లుడు బల్ల మీద పెట్టిన రిటర్న్ లేబుల్ తీసి నిలువునా రెండు ముక్కలు చించి అట్టపెట్టెలో పడేసింది.

టార్చి పెంచింది. ఎర్ర మచ్చ మాడి పొగై పోయింది. గొట్టం ముందు నీలమైంది, తర్వాత కుంకుమ రంగుకి తిరిగింది. కడ్డీ ముక్క అడ్డంగా పెట్టి సుత్తి ఎత్తింది. నొప్పి పుడుతున్న భుజం మీదే ఎత్తింది. ఒక దెబ్బ. రెండు. మూడోది కాస్త నెమ్మదిగా. అంతే, ఆపేసింది. అర అంగుళం లోతున నున్నటి నొక్కు పడింది. చీలిక లేదు. చల్లారాక వేలితో తడిమి చూసుకుని, "ఊఁ," అంది.

తర్వాత మూడు గంటలు పనే పని. శేషమ్మ ఇంజన్ పలకని గీకి శుభ్రం చేసి, సందుల్లోంచి పొగ రాకుండా కొత్త గ్యాస్కెట్ పెట్టి, హెడర్ ఎక్కించింది. బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పింది. అన్నీ పట్టుకున్నాక మధ్య బోల్టుతో మొదలుపెట్టి అంచులకి పోతూ బిగించింది. అంచు నుంచి మొదలుపెడితే పలక వంకరగా కూర్చుంటుందని, వినేవాళ్ళు ఉన్నా లేకపోయినా, చెప్పుకుంటూ పోయింది. ఒక దశలో దీపం సరిగ్గా పడక విసుక్కుంటుంటే, దీపం దానంతటదే పక్కకి జరిగింది. చూస్తే పట్టుకున్నది అమర్‌నాథ్. ఎప్పుడు వచ్చి వంగి కూర్చున్నాడో, ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళు మట్టి మట్టి.

"రాడ్డుకీ గొట్టానికీ మధ్య వేలు పెట్టి చూడు బాబూ. దూరుతోందా?"

అతను వేలు పెట్టాడు. "దూరుతోంది. కొంచెం ఖాళీ కూడా ఉంది."

"స్టీరింగ్ ఇటూ అటూ తిప్పమను దాన్ని."

ప్రణీత ఎక్కి తిప్పింది. రాడ్డు ఎక్కడా తగలకుండా తిరిగింది. అమర్‌నాథ్ వేలు అక్కడే ఉంచి, "తగలట్లేదు. నిజంగానే తగలట్లేదు," అన్నాడు. గొంతులో ఆశ్చర్యం దాచుకోవాలని చూశాడు, కుదర్లేదు.

రెండింటికి శేషమ్మ చేతులు తుడుచుకుని బండెక్కింది. ఈసారి ఎడమ పక్కే, చూసుకునే ఎక్కింది. తాళం తిప్పింది. ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. కొత్త గొట్టాలకి అంటిన నూనె మాడి తెల్లటి పొగ లేచింది. పొగ పోయాక విన్నారు. టకటక లేదు. చెవులు మూసుకోవాల్సిన ఆ రొద లేదు. బరువైన ఇంజన్ కిందెక్కడో నిదానంగా గుర్‌మంటోంది. కొట్టం మీద వాలిన పిట్టలు కూడా లేవలేదు.

"విన్నావా!" అని అరిచింది శేషమ్మ కిటికీలోంచి. "విన్నావా అల్లుడూ! వేడెక్కి చల్లారాక ఇంకోసారి బోల్టులు బిగిస్తే ఇంకా పదేళ్ళు చూసుకోనక్కర్లేదు!" అరవై నాలుగేళ్ళ మనిషి సీట్లో కూర్చుని చిన్నపిల్లలాగా స్టీరింగ్ మీద చరిచింది.

అమర్‌నాథ్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కాసేపు ఇంజన్ వంక చూశాడు. "సరే అత్తయ్యా. మాట మాటే. సోమవారం ఆఫర్‌కి నో చెప్పమంటాను. లోడ్ వేయడానికి నేను కూడా వస్తా."

శేషమ్మ యాక్సిలరేటర్ ఇంకోసారి తొక్కి, విని నవ్వుకుంది. ప్రణీత మాత్రం బానెట్ మీద చేయి ఆనించి వెక్కి వెక్కి ఏడుస్తోంది. సంతోషంతో ఏడుస్తోందిలే అనుకుంది తల్లి. డాక్టరు గారు కుర్చీలోంచి లేచి పొలం వైపు తిరిగి నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడు కంకర బాట మీద పెద్ద ఫ్లాట్‌బెడ్ ట్రక్కు వచ్చింది. పాడైన బండ్లని ఎత్తుకుపోయే రకం. గొలుసులు చప్పుడు చేస్తూ కొట్టం ముందు ఆగింది.

శేషమ్మ మొహం మారిపోయింది. "ఏం బాబూ? ఓడిపోతానని ముందే పిలిపించి పెట్టుకున్నావా? రేపు సాయంత్రం దాకా ఆగలేకపోయావా?"

"నేనా?" అమర్‌నాథ్ తెల్లబోయాడు. "ఒట్టు అత్తయ్యా, నేను ఎవర్నీ పిలవలేదు. నాకు తెలీదు."

గడ్డం డ్రైవరు దిగాడు. చేతిలో అట్టకి బిగించిన కాగితం. అందరికీ హలో చెప్పి, సోమవారం రావాల్సిందట, ఇటువైపు ఇంకో బండి ఉంటే పనిలో పనిగా ఇవాళే వచ్చాడట, అదీ అతను ఇంగ్లీషులో చెప్పింది. ఏ బండి అని అమర్‌నాథ్ అడిగితే, శేషమ్మ కూర్చున్న బండినే చూపించాడు. చూపించి కాగితం కిటికీలోంచి ఆవిడకే అందించాడు.

ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు. పై నుంచి కిందకి చూసుకుంటూ పోయింది, అన్నీ చిన్న చిన్న అక్షరాలు. చివర గీత మీద ఒక్కటే తెలుగు ముక్క ఉంది. గుండ్రంగా, కాస్త పక్కకి ఒరిగి. ప్రణీత. ఎక్కడికి పోయినా సంతకం మాత్రం తెలుగులో పెట్టవే అని చిన్నప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని దిద్దించిన చేయి తనదే.

"ఇది నీ సంతకమేనా?"

ప్రణీత తల ఊపింది. "బండి నా పేరు మీదే ఉందమ్మా. నిన్న మధ్యాహ్నం తుక్కు యార్డ్‌కి వెళ్ళి అమ్మేసి సైన్ చేశాను. నీకు రేపు చెబుదామనుకున్నాను."

"ప్రణీ!" అన్నాడు అమర్‌నాథ్. "నాకెందుకు చెప్పలేదు?"

శేషమ్మ అతన్ని చేత్తో ఆపింది. "గొట్టం తగిలిందని హడలిపోయావా? నా మీద అంత నమ్మకం లేదుటే నీకు?"

"అది కాదమ్మా. అది ఫిట్ అయినా ఇచ్చేసేదాన్నే. నువ్వు కొడుతుంటే నాకు..." మాట పూర్తి కాలేదు. ఆమె చూపు డాక్టరు గారి వీపు మీదకి పోయింది.

ఆయన ఇటు తిరిగారు. పొద్దుటి నుంచి మోసిన బరువు దించుకుంటున్న మనిషిలా ఉన్నారు. "ఆ అమ్మాయిని అడక్కండి శేషమ్మ గారూ. అడగాల్సింది నన్ను. పొలం అమ్మేస్తున్నాను. నిన్న పొద్దున్నే చెప్పాను తనకి. బండి బాగైంది గానీ, దాంట్లో వేసుకుపోవడానికి పంట ఉండదు ఇంక. మీరు ఆ గొట్టం కొడుతుంటే చెప్పడానికి నాకు నోరు రాలేదు. క్షమించండి."

ఇంజన్ ఒక్కటే మోగుతోంది. ఇంజన్ ఆపమని గడ్డం డ్రైవరు చేత్తో సైగ చేశాడు. శేషమ్మ ఆపలేదు.

"అమ్మేస్తున్నారా, అమ్మేశారా?" అంది.

"మాటైంది. కాగితాల మీద సంతకాలు సోమవారం."

"అయితే ఇంకా అమ్మలేదు." ఆవిడ కాగితం డాష్‌బోర్డు మీద పడేసి, బెంచి సీటు మీద కుడి పక్కకి జరిగింది. ఖాళీ అయిన డ్రైవర్ సీటు మీద అరచేత్తో కొట్టింది. "ప్రణీ, ఎక్కు. నాకు ఇక్కడి లైసెన్సు లేదు. అల్లుడూ, నువ్వు ఇటు నుంచి ఎక్కు. డాక్టరు గారూ, కొనేవాళ్ళ ఇల్లు ఎక్కడో చెప్పండి. నేను వాళ్ళతో మాట్లాడాలి."

"అమ్మా, బండి అమ్మేశాను. ఇది ఇప్పుడు మనది కాదు."

"ఎక్కవే అంటుంటే!"

అమర్‌నాథ్ కుడి పక్క తలుపు తీసి ఎక్కి కూర్చున్నాడు. అత్తగారి వంక చూడకుండా, "ఎక్కు ప్రణీ," అన్నాడు. ప్రణీత కళ్ళు తుడుచుకుంది. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టింది.

గడ్డం డ్రైవరు ఒక్క అంగలో తన బండెక్కి, దాన్ని తిప్పి, కంకర బాటకి అడ్డంగా ఆపాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కిటికీలోంచి వాళ్ళ నంబర్ ప్లేటు చదవడం మొదలుపెట్టాడు.